నీటి కింద ఇంకో కెమెరా

ఈమధ్య మా ఫొటోల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ తిరిగింది. తెల్లవారుజాము గోదావరి, రేవులో కట్టేసిన పడవ, వెనక లంక, దాని మీద కొబ్బరి చెట్లు. నీళ్లలో అంతా అచ్చుగుద్దినట్టు ప్రతిబింబం. కింద వరసగా చప్పట్లు, దండాలు. నాకెందుకో చూడగానే తేడా కొట్టింది కానీ ఏమిటో వెంటనే చిక్కలేదు. కాసేపు పెద్దది చేసి చూశాక దొరికింది. ఫొటో తీసినాయన మెట్ల మీద నిలబడి తీశాడు కాబట్టి పడవ లోపలి చెక్కలు, అడుగున పడేసిన వల, పక్కన ఎర్ర ప్లాస్టిక్ బకెట్ కనిపిస్తున్నాయి. నీళ్లలో తలకిందులుగా ఉన్న పడవలో కూడా అదే వల, అదే బకెట్!

అది జరగదు. పడవ అడుగున ఉన్న బకెట్ నీళ్లలో కనపడే దారే లేదు. ప్రతిబింబంలో ఎప్పుడూ కనిపించేది పడవ బయటి పక్క, నీటి మీదికి వంగిన దాని పొట్ట. ఎవరో ఫోన్ యాప్‌లో పై సగాన్ని తిరగేసి కింద అతికించారు. ఆ మాట గ్రూపులో అంటే గొడవవుతుందని ఊరుకున్నాను. కానీ నీళ్లలో ప్రతిబింబాలు తీసేటప్పుడు మనం చేసే తప్పుల్లో సగానికి మూలం ఆ యాప్‌కి ఉన్న నమ్మకమే: నీళ్లు పైన ఉన్నదాన్ని మడతేసి కింద చూపిస్తాయని.

నిజంగా జరిగేది వేరు. మీ కెమెరా నీటి మట్టానికి 2 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. సరిగ్గా దాని కింద, నీటి మట్టానికి 2 మీటర్ల లోతున ఇంకో కెమెరా ఉన్నట్టు ఊహించండి. నీళ్లూ మట్టీ దానికి అడ్డు కావు, అక్కణ్నుంచి పైకి చూస్తోంది. ఆ కెమెరాకి ఏం కనిపిస్తుందో దాన్ని తలకిందులు చేస్తే అదే మీకు నీళ్లలో కనిపించే బొమ్మ. అంటే ఒకే ఫ్రేమ్‌లో రెండు చోట్ల నుంచి తీసిన రెండు ఫొటోలు ఉంటాయి. పైది మీ కళ్ల ఎత్తు నుంచి, కిందది నీటి కింద నుంచి. పడవ అంచు కింద నుంచి చూసే కెమెరాకి పడవ లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

మన మాటల్లోనూ ఇక్కడ ఒక చిక్కుంది. 'నీళ్లలో నీడ చూసుకున్నాడు' అంటాం. ఎండలో నేల మీద పడేదీ నీడే, నీళ్లలో కనిపించేదీ నీడే. మాట్లాడుకోవడానికి బాగానే ఉంటుంది కానీ కెమెరా పట్టుకున్నవాడికి ఈ రెండూ పూర్తిగా వేరు. ఎండ నీడ సూర్యుణ్ని బట్టి కదులుతుంది, మీరు ఎక్కడ నిలబడినా అది ఉన్నచోటే ఉంటుంది. ప్రతిబింబం మిమ్మల్ని బట్టి కదులుతుంది. మీరు ఒక అడుగు పక్కకి జరిగితే అదీ జరుగుతుంది, కూర్చుంటే మారిపోతుంది. తేట నీటి మీద ఎండ నీడ సరిగా నిలవదు, బురద నీటి మీద బాగా పడుతుంది. ఈ ఆఖరి మాట మళ్లీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

కట్ట మీద నిలబడితే కొండ ఎందుకు మాయమవుతుంది

పాలంపేట దగ్గర రామప్ప చెరువు కట్ట ఎక్కితే అవతల కొండలు, అడవి, మధ్యలో విశాలంగా నీళ్లు. కాకతీయుల కాలం చెరువు అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక గుడికి జనం పెరిగారు, గుడి చూసినవాళ్లు చాలామంది చెరువుకీ వస్తారు. అందరూ నిలబడేది కట్ట మీదే. అక్కణ్నుంచి కొండలు అద్భుతంగా ఉంటాయి. ఇంటికొచ్చి ఫొటో చూసుకుంటే మాత్రం నీళ్లలో కొండ కనిపించదు, ఒడ్డు చెట్లు నల్లగా సాగి ఉంటాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు తెచ్చుకున్నవన్నీ అవే. వాతావరణం బాగోలేదనుకున్నాను.

తప్పు వాతావరణానిది కాదు, లెక్కది. ఏ చెరువైనా సరే, ఇలా ఉందనుకుందాం: అవతలి ఒడ్డు 100 మీటర్ల దూరంలో, అక్కడ 8 మీటర్ల చెట్లు. వాటి వెనక, మీకు ఒకటిన్నర కిలోమీటరు దూరంలో 150 మీటర్ల కొండ. మీరు నీటికి 6 మీటర్ల ఎత్తున కట్ట మీద ఉన్నారు. పైకి చూస్తే చెట్ల కొసలు మీ కంటికి 2 మీటర్లే ఎత్తు, అంటే దాదాపు ఒక డిగ్రీ. కొండ అయిదున్నర డిగ్రీలు. చెట్ల మీద నుంచి దర్జాగా లేచి కనిపిస్తుంది. ఇప్పుడు నీటి కింద కెమెరా సంగతి చూడండి. అది 6 మీటర్ల లోతున ఉంది కాబట్టి దానికి చెట్లు 14 మీటర్ల ఎత్తు, 8 డిగ్రీలు. కొండ 6 డిగ్రీల లోపే. చెట్లు కొండని పూర్తిగా మింగేశాయి.

అదే మీరు కట్ట దిగి, నీటి అంచున గొంతు కూర్చుని కెమెరాని జానెడున్నర ఎత్తులో పట్టుకున్నారనుకోండి. పై కెమెరాకీ కింది కెమెరాకీ మధ్య తేడా ముప్పావు మీటరు లోపే. చెట్లు నీళ్లలో నాలుగున్నర, అయిదు డిగ్రీలు, కొండ 5.7 డిగ్రీలు. కొండ కొస చెట్ల కింద నుంచి తొంగిచూస్తుంది. పైనా కిందా దాదాపు ఒకే బొమ్మ. 'అద్దంలా వచ్చింది' అని మెచ్చుకునే ఫొటోలన్నీ ఇలా నీటికి ఆనుకుని తీసినవే. కాకపోతే దీనికో ఖరీదుంది. కిందికి దిగేకొద్దీ నీటి విస్తారం తగ్గిపోయి, చెరువంతా ఒక సన్నటి పట్టీ అవుతుంది. చెరువు పెద్దదని చెప్పాలంటే కట్ట, కొండ రెండుసార్లు కావాలంటే నీటి అంచు. రెండూ ఒకే ఫొటోలో రావు. నేనైతే నీటి అంచుకే ఓటేస్తాను, ఎందుకంటే కట్ట మీది ఫొటో ఎలాగూ అందరి దగ్గరా ఉంది.

దిగడం వల్ల ఇంకో లాభం ఎవరూ పెద్దగా చెప్పరు. ప్రతిబింబం పడటానికి ఎంత నీరు కావాలి అన్నది కెమెరా ఎత్తుతోపాటే తగ్గుతుంది. ఆ కొండ కొసే చూడండి. మీరు ఒకటిన్నర మీటరు ఎత్తున పట్టుకుంటే దాని ప్రతిబింబం మీకు 15 మీటర్ల దూరంలో నీళ్ల మీద పడుతుంది. కెమెరాని 15 సెంటీమీటర్లకి దించితే ఒకటిన్నర మీటరు దూరంలోనే. అంటే పెద్ద చెరువు అక్కర్లేదు. వాన పడ్డాక బండ మీద నిలిచిన దొన చాలు, దమ్ము చేసి నాట్లకి సిద్ధంగా ఉన్న ఒక మడి చాలు.

సగం సగమా?

ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకి మొదట చెప్పే మాట, నేలా ఆకాశమూ కలిసే అడ్డగీతని ఫ్రేమ్ మధ్యలో పెట్టకు, మూడింట ఒక వంతుకి జరుపు అని. ప్రతిబింబాల దగ్గరికొచ్చేసరికి అదే గురువులు మధ్యలో పెట్టు అంటారు. రెండూ నిజమే. నీరు కదలకుండా ఉండి, మీరు నీటికి దగ్గరగా ఉండి, పైబొమ్మా కిందబొమ్మా నిజంగా జోడీ కుదిరితే మధ్యలో పెట్టండి, జంకొద్దు. కుదరకపోతే తేల్చుకోండి: మీకు ఆకాశం కావాలా, నీళ్లు కావాలా? 70కి 30గా గట్టిగా ఒక పక్కకి ఒరగండి. 55కి 45గా వదిలేసిన ఫొటోని చూస్తే, మధ్యలో పెట్టబోయి చెయ్యి జారినట్టే ఉంటుంది.

మధ్య ఎక్కడ అన్నదే ఇక్కడ అసలు తిరకాసు. చాలామంది అవతలి ఒడ్డు గీతని మధ్యగా తీసుకుంటారు. ఒడ్డున ఉన్న చెట్టుకి అది సరే, ఎందుకంటే చెట్టు దాని మొదలు దగ్గరే తిరగబడుతుంది. దూరపు కొండ మాత్రం ఒడ్డు దగ్గర తిరగబడదు, అంతకు కాస్త పైన, మీ కంటి మట్టం దగ్గర తిరగబడుతుంది. ఎత్తు నుంచి తీసేకొద్దీ ఈ రెండు గీతలూ దూరమవుతాయి. ఎడిటింగ్‌లో ఒడ్డు గీతని కొలిచి సరిగ్గా సగానికి కోసినా ఫొటో ఎటో ఒరిగినట్టు అనిపించడానికి కారణం ఇది. కొలబద్ద పక్కన పెట్టి, కొండ కొసకీ దాని ప్రతిబింబం కొసకీ పైనా కిందా సమానంగా జాగా వదిలితే కంటికి కుదురుతుంది. కొసలకి ఊపిరాడాలి. పైకొసని ఎవరూ కోయరు కానీ కింది కొసని కోసేసిన ఫొటోలు కోకొల్లలు.

వాలు సంగతీ ఇక్కడే. చెరువు ఒడ్డు వంకర తిరిగి మీ వైపు వస్తుంటే, కెమెరా ఎంత సమంగా పట్టుకున్నా ఆ గీత ఏటవాలుగానే కనిపిస్తుంది. దాన్ని సరిచేయబోయి మొత్తం ఫొటోని వంచేస్తారు. ఒడ్డుని నమ్మకండి. ఒక దీపాన్నో, చెట్టు కొసనో తీసుకుని దాని ప్రతిబింబంతో కలిపి గీత గీయండి. ఫ్రేమ్ నడిమధ్యలో ఉన్న ఏ వస్తువుకైనా ఆ గీత వడంబం వేలాడదీసినట్టు నిట్టనిలువుగా ఉండాలి. ఉంటే కెమెరా సమంగా ఉన్నట్టే, ఒడ్డు ఎటు పోతే మీకెందుకు.

అల ఏం చేస్తుంది

నీళ్లు కదిలితే ప్రతిబింబం పోయింది, ఇంటికెళ్లిపోదాం అనుకుంటాం. నేనూ చాలాసార్లు ట్రైపాడ్ మడిచేశాను. తర్వాత రాజమండ్రిలో ఓ సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నప్పుడు బుద్ధొచ్చింది.

రాజమండ్రి దగ్గర గోదావరికి ఒక సౌకర్యం ఉంది. కొద్ది కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన చోటే ఇప్పుడు బ్యారేజీ నీటిని నిలబెడుతోంది. కాబట్టి చలికాలంలో, ఎండాకాలంలో ఊరి ముందు గోదావరి ఏరులా కాక పెద్ద చెరువులా నిలిచి ఉంటుంది. దాని మీద మూడు వంతెనలు చూడొచ్చు: 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన. ఆ సాయంత్రం పిల్లగాలి వీస్తోంది. నీళ్ల మీద చిన్న చిన్న అలలు. హేవలాక్ వంతెన ప్రతిబింబంలో పైన అడ్డంగా పరిచిన ఇనప గర్డర్లు ముక్కలైపోయాయి, గుర్తుపట్టలేం. రాతి స్తంభాలు మాత్రం ఒకటొకటిగా, కాస్త వణుకుతూ, ఎక్కడివక్కడ నిలబడే ఉన్నాయి. ఆర్చీల్లోనూ అంతే. పాదాల దగ్గర నిటారుగా ఉన్న భాగం నీళ్లలో ఉంది, పైన చదునుగా వంగిన భాగం కరిగిపోయింది.

ఇలా ఎందుకవుతుందంటే, అల అంటే వాలిన అద్దం. అద్దం ఒక డిగ్రీ వాలితే దాన్నుంచి మనకొచ్చే చూపు రెండు డిగ్రీలు తిరుగుతుంది. అల మన వైపో, అవతలి వైపో వాలితే బొమ్మ పైకీ కిందికీ జరుగుతుంది. పక్కలకి వాలితే కూడా జరుగుతుంది కానీ, మనం నీటిని బాగా ఏటవాలుగా చూస్తున్నాం కాబట్టి ఆ జరుగుడు చాలా తక్కువ. నీటికి 10 డిగ్రీల కోణంలో చూసేవాడికి ప్రతిబింబం అడ్డానికి ఎంత చెదిరితే నిలువుకి దాదాపు ఆరు రెట్లు చెదురుతుంది. నిలువు గీతని నిలువుగా సాగదీస్తే ఇంకాస్త పొడుగు నిలువు గీత అవుతుంది, అంతే. అడ్డగీతని నిలువుగా సాగదీస్తే మిగిలేది మరక.

హుస్సేన్ సాగర్ చుట్టూ రాత్రి దీపాలు నీళ్లలో పొడుగాటి బంగారు కమ్మీల్లా దిగేదీ, దుర్గం చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన రంగులు నీళ్లలో చారలుగా పడేదీ ఈ లెక్కతోనే. నీళ్లు నిజంగా అద్దంలా ఉంటే ఒక్కో దీపానికి ఒక్కో చుక్కే కనిపించేది. కొంచెం అల ఉంటేనే హైదరాబాద్ రాత్రి ఫొటోలు అందంగా ఉంటాయన్న మాట.

కాబట్టి గాలున్న రోజు ఇంటికెళ్లొద్దు, వస్తువు మార్చండి. తాటిచెట్లు, ధ్వజస్తంభం, కరెంటు స్తంభాలు, వంతెన కాళ్లు, నీటి అంచున నిలబడ్డ మనుషులు. నిలువుగా ఉన్నవన్నీ తట్టుకుంటాయి. పొడుగాటి గోడ, కట్ట, గర్డరు తట్టుకోవు. లాంగ్ ఎక్స్‌పోజర్ పెడితే, అంటే షట్టర్‌ని చాలాసేపు తెరిచి ఉంచితే, అలలు పోయి అద్దం వచ్చేస్తుందని ఒక నమ్మకం ఉంది. రాదు. 30 సెకన్లలో ఆ నిలువు చెదురుళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని నునుపైన రంగు పొరగా మారతాయి. అది అందంగానే ఉంటుంది, అద్దం మాత్రం వేరే సంగతి.

అద్దమే కావాలంటే వేకువనే లేవాలి. రాత్రి నేల చల్లబడి, దాని మీది గాలి బరువెక్కి కదలకుండా ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే పైగాలి కిందికి దిగి అలలు మొదలవుతాయి. ఆలస్యంగా లేచినవాళ్లకి ఒక ఉపాయం: గాలి మీ వీపుకి తగిలేలా ఒడ్డు ఎంచుకోండి. అల పెరగడానికి కొంత దూరం కావాలి, మీ ముందున్న నీటి దగ్గర దానికింకా ఆ దూరం దొరకదు.

వెలుగు, మురికి

నీరు తన మీద పడ్డ వెలుగంతా తిప్పిపంపదు. నిట్టనిలువుగా కిందికి చూస్తే తిరిగొచ్చేది 2 శాతమే, అందుకే బావిలోకి తొంగిచూస్తే మన ముఖం అంత నల్లగా ఉంటుంది. నీటికి 10 డిగ్రీల కోణంలో చూస్తే సుమారు 35 శాతం, 5 డిగ్రీల్లో దాదాపు 58 శాతం. కెమెరా భాషలో చెప్పాలంటే 10 డిగ్రీల దగ్గర ప్రతిబింబం అసలు కన్నా ఒకటిన్నర స్టాప్ చీకటిగా ఉంటుంది (ఒక స్టాప్ అంటే వెలుగు సగానికి తగ్గడం). 5 డిగ్రీల దగ్గర ఒక స్టాప్ కన్నా తక్కువే. పై సగం నల్లబరిచే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వాడేవాళ్లు ఇది చూసుకోవాలి. 3 స్టాపుల ఫిల్టర్ తగిలిస్తే ఆకాశం కన్నా ఆకాశం ప్రతిబింబం వెలుగెక్కువై కూర్చుంటుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు కానీ ఫొటోని నమ్మరు. ఎడిటింగ్‌లో కింది సగాన్ని ఎత్తినా అదే తంటా. నీళ్లు ఒక పిసరు చీకటిగా ఉండాలి.

లెన్స్ ముందు తగిలించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ గురించి రెండు మాటలు. నీటి మెరుపుని చంపడానికి వాడేది అదే కాబట్టి ప్రతిబింబాల ఫొటోకి అది శత్రువని చాలామంది తీసి సంచిలో పెట్టేస్తారు. దాని బలమంతా నీటిని 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడే, అక్కడ మెరుపుని దాదాపు తుడిచేస్తుంది. దూరాన, చూపు నీటిని రాసుకుంటూ పోయే చోట దాని ప్రభావం తక్కువ. వైడ్ లెన్స్‌తో కొంచెం కిందికి వంచి తీస్తే మీ కాళ్ల దగ్గర నీటి అడుగు రాళ్లు తేటగా, దూరంగా కొండ ప్రతిబింబం దాదాపు చెక్కుచెదరకుండా, రెండూ ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. రింగు మెల్లగా తిప్పుతూ ఎక్కడ ఆపాలో కంటితో చూసుకోవాలి.

ఇక బురద. జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఫొటోలు తీసి చూడండి. ఆకాశం ప్రతిబింబం బాగానే ఉంటుంది, కొండల ప్రతిబింబం మాత్రం నలుపు పోయి ఇటుక రంగులోకి తిరుగుతుంది. నీటి లోపలి మట్టి రేణువులు ఎండని పట్టుకుని తమ సొంత రంగు చిమ్ముతాయి. ఆకాశం వెలుగు ముందు ఆ రంగు ఆనదు, నల్లటి కొండ మీద మాత్రం తేలిపోతుంది. బురద నీటి మీద ఎండ నీడ బాగా పడుతుందన్నాం కదా, అదీ ఈ రేణువుల పనే. అందువల్ల ఒక మంచి పరిస్థితి కోసం కాచుకోవాలి: కొండ మీద ఎండ పడుతూ, ముందున్న నీళ్లు ఇంకా నీడలో ఉన్న సమయం. నీటి మీద ఎండ లేకపోతే రేణువులు చిమ్మడానికి వెలుగుండదు. తెల్లవారాక అరగంట, సాయంత్రం చివరి అరగంట ఇది దొరుకుతుంది. కోనసీమ కాలవల్లో అయితే గట్టు మీద వంగిన కొబ్బరి చెట్లే కాలవకి నీడ పట్టి, అవతలి గట్టుకి ఎండ వదులుతాయి. కాలవ నీళ్లు ఎంత మురిగ్గా ఉన్నా ఆకుపచ్చ ప్రతిబింబం చిక్కగా వస్తుంది.

ఫోకస్ దగ్గర కూడా నీటి కింద కెమెరానే గుర్తుచేసుకోండి. ప్రతిబింబం నీటి మీద అంటించిన బొమ్మ కాదు, అది కొండంత దూరంలోనే ఉంటుంది. రెండు మీటర్ల దూరంలో తేలే తామరాకు మీద ఫోకస్ పెట్టి, దాని పక్కనే ఉన్న కొండ ప్రతిబింబం మసకగా వచ్చిందేమిటని లెన్స్‌ని తిట్టుకోవడం నేనూ చేశాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 ఎంఎం వైడ్ లెన్స్ పెట్టి, లెన్స్ కంతని ఎఫ్/11కి చిన్నది చేస్తే ఇబ్బంది లేదు. సుమారు 1.75 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే ఆకూ కొండా రెండూ చిక్కుతాయి. దూరాన్ని దగ్గర చేసే 85 ఎంఎం లెన్స్‌తో అదే పని చేయాలంటే ఫోకస్ 22 మీటర్ల దగ్గర పెట్టాలి, అప్పుడు తామరాకు ఎలాగూ మసకే. ఆకు కావాలో కొండ కావాలో అక్కడే తేల్చుకోవాలి.

ఫోన్ ఉన్నవాళ్లు ఇవేవీ లేకుండా మొదలుపెట్టొచ్చు. మొన్న వాన వెలిశాక బస్టాండు ముందు గుంటలో నీళ్లు నిలిచాయి. అవతల వేపచెట్టు, దాని వెనక మబ్బులు విడిపోతున్న ఆకాశం. ఫోన్‌ని తలకిందులుగా తిప్పాను. అలా తిప్పితే కెమెరా కిందికొచ్చి నీటికి రెండు అంగుళాల దూరంలో ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని గుంటలోకి వంగి చూస్తుంటే టీకొట్టాయన బయటికొచ్చాడు.

"ఏం సార్, ఏమన్నా పడిపోయిందా?"

ఫోన్ చూపించాను. వేపచెట్టు రెండు వైపులా నిలబడి ఉంది, గుంట ఏదో పెద్ద చెరువులా ఉంది. ఆయన ఒకసారి ఫోన్‌నీ, ఒకసారి గుంటనీ చూసి, తన ఫోన్ తీసి నా పక్కనే కూర్చున్నాడు.